జీలకర్ర బెల్లం దగ్గర ఆగిపోయిన డిస్కు

కూకట్‌పల్లిలో మా అక్కావాళ్లు ఉండేది ఏడో అంతస్తులో. పావురాల బాధ ఎక్కువ. వల కట్టిద్దామంటే గాలి రాదని బావ ఒప్పుకోడు. మొన్న దీపావళికి ఇల్లు దులిపినప్పుడు అటక మీద దొరికిన సీడీలు, డీవీడీలు అన్నీ దారాలకి గుచ్చి బాల్కనీ గ్రిల్లుకి వేలాడదీశాడు. ఉదయం పూట ఓ అరగంట ఎండ పడుతుంది, ఆ మెరుపుకి పావురాలు బెదిరిపోతాయని ఆయన సిద్ధాంతం. సంక్రాంతికి నేను వెళ్లిన రోజు ఒక పావురం ఆ డిస్కుల పక్కనే తీరిగ్గా కూర్చుని వాటిలో మొహం చూసుకుంటోంది.

కాఫీ తాగుతూ నేనూ చూశాను. అన్నీ అడుగున వెండి రంగులో ఉన్నాయి, ఒక్కటి మాత్రం ఊదారంగులో ఉంది. ఫ్యాక్టరీలో అచ్చేసిన డిస్కు వెండిలా ఉంటుంది. ఊదారంగంటే ఎవరో కంప్యూటర్‌లో పెట్టి రాసింది. తిప్పి చూస్తే పైన కాగితం స్టిక్కరు, వెలిసిపోయిన తామరపూలు, మధ్యలో అక్క పేరు, బావ పేరు, 2006, కింద ‘డిస్క్ 2’.

“బావా, ఇది మీ పెళ్లి!”

“అవునా? మూడుండాలే,” అన్నాడు బావ, పేపర్లోంచి తల ఎత్తకుండా.

ఇదంతా నేను ఇక్కడ రాయడానికి ఇంకో కారణం ఉంది. మా కజిన్స్ గ్రూపులో ఎవరో ‘సోనీ బ్లూరే ఆపేసింది, డిస్కుల శకం ముగిసింది’ అని మళ్లీ ఫార్వర్డ్ చేశారు. పాత వార్తే. (బ్లూరే అంటే డీవీడీ తర్వాతి తరం డిస్కు, బొమ్మ ఇంకా స్పష్టంగా ఉంటుంది.) 2025 ఫిబ్రవరిలో సోనీ ఆపింది ఖాళీ బ్లూరే డిస్కుల తయారీని, అంటే మనం కొనుక్కుని రాసుకునేవి. సినిమాలు అచ్చేసి అమ్మే బ్లూరేలు వేరు, అవి ఇంకా వస్తున్నాయి. ఆ మాట గ్రూపులో రాస్తే ఒక పిన్ని నమస్కారం బొమ్మ పెట్టింది, అంతటితో చర్చ ముగిసింది. కానీ నాకు ముగియలేదు. ఎందుకంటే ‘డిస్కు’ అనే ఒక్క మాట కింద మనం రెండు వేర్వేరు వస్తువుల్ని కలిపేస్తున్నాం. వాటిలో ఒకటి పోతే నాకు బెంగ లేదు. రెండోది పోతే ఉంది. ఆ రెండోదాన్ని మన తెలుగువాళ్లం సరిగ్గా చూడనే లేదని నా గట్టి అభిప్రాయం.

వర్షం పడితే గళ్లు

మా ఊళ్లో టీవీ, డెక్కు (వీడియో క్యాసెట్లు ఆడించేది) కలిపి రాత్రికి అద్దెకిచ్చేవాళ్లు. తర్వాత డెక్కు పోయి వీసీడీ ప్లేయర్ వచ్చింది. వీసీడీకి 74 నిమిషాలే పడతాయి కాబట్టి మన సినిమాకి మూడు డిస్కులు. మూడోది మార్చేసరికి పెద్దవాళ్లలో సగం మంది నిద్రపోయుండేవాళ్లు. అయినా క్యాసెట్టు కన్నా అదే బాగుందనుకున్నాం, గీతలు లేవు కాబట్టి.

గీతలు లేవు గానీ గళ్లు ఉండేవి. వానలో పాట వచ్చిందంటే బొమ్మంతా చదరాలు చదరాలుగా విడిపోయేది. అప్పుడు ‘డిస్కు పాడైంది’ అనేవాళ్లం, చొక్కా అంచుతో తుడిచి మళ్లీ పెట్టేవాళ్లం. డిస్కు బాగానే ఉండేది. వీసీడీలో బొమ్మకి సెకనుకి దొరికేది 1.15 మెగాబిట్ల సమాచారం. బొమ్మని చిన్న చిన్న చదరాలుగా కోసి, కిందటి ఫ్రేముకీ దీనికీ తేడా ఎంతో అదే రాస్తుంది ఆ పద్ధతి. ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటుంటే తేడా తక్కువ, బొమ్మ నిలబడుతుంది. వానలో ప్రతి చుక్కా కదులుతుంది, రాయడానికి చోటు చాలదు, దాంతో చదరాలు బయటపడతాయి. మనం ఎన్నిసార్లు తుడిచినా అంతే.

తర్వాత డీవీడీ వచ్చింది. దానికి తోడు 2007లో మోజర్ బేర్ అనే డిస్కుల కంపెనీ వీసీడీ 28 రూపాయలకి, డీవీడీ 34 రూపాయలకి అమ్మడం మొదలుపెట్టింది. ఫుట్‌పాత్ మీద కాపీ డిస్కు కన్నా కాస్త ఎక్కువ ధరకే అసలు డిస్కు. కిరాణా కొట్లో బిస్కెట్ ప్యాకెట్ల పక్కన సినిమాలు వేలాడుతుంటే నాకు పండగలా ఉండేది. (ఫుట్‌పాత్ కాపీలు నేను కొన్లేదా అంటే, కొన్నాను. ఉద్యోగం లేని రోజులు. ఆ లెక్క కిందకి వచ్చేసరికి ఒప్పుకుంటాను.) ఆ కంపెనీ 2018కి లిక్విడేషన్‌లోకి వెళ్లిపోయింది. అప్పటికి డిస్కు కొనేవాళ్లే లేరు.

డీవీడీ స్తోమత చాలా ఎక్కువ. బొమ్మకి సెకనుకి 9.8 మెగాబిట్ల దాకా ఇవ్వొచ్చు. రెండు పొరల డిస్కులో 8.5 గిగాబైట్లు పడతాయి. ఒక సినిమాని శ్రద్ధగా ఎక్కిస్తే మామూలు టీవీలో కళ్లకద్దుకునేలా ఉంటుంది. మనవాళ్లేం చేశారు? ఒకే డిస్కులో మూడు సినిమాలు కుక్కారు. లెక్క వేసుకోండి: ఏడున్నర గంటల బొమ్మని 8.5 గిగాబైట్లలో పెడితే సెకనుకి రెండున్నర మెగాబిట్లు మిగుల్తాయి, అందులోనే శబ్దం కూడా. మూడు సినిమాల అట్ట మీద ‘హై క్వాలిటీ’ అని బంగారు రంగు అక్షరాలు. కొన్నిట్లో మూలన కంపెనీ లోగో సినిమా పొడుగునా తిరుగుతూ ఉండేది. స్కోప్ సినిమాని, అంటే వెడల్పు తెరకి తీసినదాన్ని, రెండు పక్కలా కోసేస్తే హీరో ఒక్కడే గోడతో డైలాగు చెబుతున్నట్టుండేది, ఎదుటి మనిషి ముక్కు మాత్రం అంచున కనిపించేది.

వీటన్నిటికన్నా నాకు బాగా గుర్తున్నది మా పెదనాన్న గొడవ.

పెదనాన్న హార్మోనియం వాయించేవాడు. తెనాలి చుట్టుపక్కల పద్యనాటకాలకి వెళ్లేవాడు. పెద్దయ్యాక ఇంట్లో పాత సినిమా పెట్టుకుని, ఘంటసాల పాట వస్తే పక్కన పెట్టె పెట్టుకుని కూడా వాయించడం ఆయన సరదా. నేను ఆయనకి ఓ పౌరాణికం డీవీడీ కొనిచ్చాను. రెండో రోజే ఫోను.

“ఒరేయ్, ఈ డిస్కులో ఎవడో ఘంటసాలని అనుకరిస్తున్నాడ్రా. గొంతు సన్నగా ఉంది. పైగా పాట ఏ మెట్టు మీదా నిలబడట్లేదు, రెండు మెట్ల మధ్యలో పడుతోంది.”

ఆయనకి చెవుడు మొదలైందనుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, పెదనాన్నే కరెక్టు. సినిమా తీసేది సెకనుకి 24 ఫ్రేములు. మన టీవీ పద్ధతిలో సెకనుకి 25. ఆ ఒక్క ఫ్రేము సర్దుబాటు చేయడానికి చవకైన మార్గం సినిమాని కాస్త వేగంగా తిప్పేయడం. రెండున్నర గంటల సినిమా ఆరు నిమిషాలు ముందే అయిపోతుంది. శబ్దమూ దాంతోపాటే పరిగెడుతుంది, శ్రుతి పైకి పోతుంది. ఎంత పోతుందంటే, అర శ్రుతికి కొంచెం తక్కువ. అర శ్రుతి పెరిగితే పక్క మెట్టు మీద దొరికేది. కొంచెం తక్కువ కాబట్టి ఎక్కడా దొరకదు. శ్రుతి సరిచేసే పరికరాలు లేక కాదు, ఎవరూ పట్టించుకోలేదు. క్యాసెట్లూ ఇష్టమొచ్చిన వేగంతో తిరిగేవి, నిజమే. కానీ క్యాసెట్టుని చూసి ఎవరూ ‘డిజిటల్’ అని నమస్కారం పెట్టలేదు కదా.

ఇవి డిస్కు తప్పులా? వంట బాగాలేదని కంచాన్ని విసిరికొట్టినట్టుంది మన వ్యవహారం. డిస్కులోకి సినిమా ఎక్కించే ముందు ఎవరో ఒకరు నెగెటివో మంచి ప్రింటో వెతకాలి, కడగాలి, స్కాన్ చేయాలి, రంగు చూడాలి, శబ్దం చూడాలి. ఆ పని జరగని డిస్కుల్ని పదిహేనేళ్లు చూసి, ‘డిస్కులో ఏముంది, యూట్యూబే నయం’ అని తేల్చేశాం. మన దగ్గర దొరికిన డిస్కుల వరకూ ఆ తీర్పు తప్పు కూడా కాదు. ఇవాళ కొన్ని పాత తెలుగు సినిమాలు యూట్యూబ్‌లో ఆనాటి డీవీడీ కన్నా శుభ్రంగా ఉన్నాయి. నా అలమరలో ఉన్న డీవీడీల్లో సగానికి పైగా ఇక పావురాలకే పనికొస్తాయని నాకూ తెలుసు.

పని జరిగితే ఎలా ఉంటుందో ఒక్క ఉదాహరణ చెప్తాను. సత్యజిత్ రాయ్ అపు సినిమాలు మూడింటి నెగెటివ్‌లూ 1993లో లండన్‌లో ఒక ల్యాబ్ తగలబడినప్పుడు కాలిపోయాయి. కాలగా మిగిలిన ముక్కల్ని ఏళ్ల తరబడి అమెరికాలో దాచి, తర్వాత ఇటలీలోని బొలోన్యా పంపించి, పెళుసెక్కిన ఫిల్ముని నీళ్లూ రసాయనాలతో మెత్తబరిచి, చేత్తో అతుకులేసి, 4కేలో, అంటే చాలా ఎక్కువ వివరంతో, స్కాన్ చేశారు. 2015లో క్రైటీరియన్ సంస్థ వాటిని బ్లూరేగా తెచ్చింది. నా స్నేహితుడొకడు డాలస్ నుంచి వస్తూ ఆ పెట్టె తెచ్చాడు. మొదటి సినిమాలో చెరువు మీద పురుగులు గీతలు గీసే షాటు ఒకటుంది, అప్పటిదాకా నేను దూరదర్శన్‌లో చూసింది ఆ చెరువునేనా అనిపించింది. కాలిపోయిన నెగెటివ్‌కి ఆ భాగ్యం దక్కింది. కాలని మన నెగెటివ్‌ల సంగతి ఎవరి గోడౌన్లో ఎవరికి తెలుసు?

మేనల్లుడి వాదన

అక్క కొడుకు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. వాడు నాతో ఇలా వాదించాడు: “మామయ్యా, నువ్వు చెప్పేవన్నీ పాత డీవీడీల సంగతులు. ఇప్పుడు ఓటీటీలో 4కే వస్తోంది, డాల్బీ వస్తోంది. ఇంకా ప్లేట్లు తిప్పుకోవడం దేనికి?”

వాణ్ని తీసుకుని ప్రొజెక్టర్ ఉన్న ఓ స్నేహితుడింటికి వెళ్లాను. ఒకే సినిమా, ఒకసారి 4కే డిస్కులోంచి, ఒకసారి ఓటీటీలోంచి. ఏది ఏదో మాకు చెప్పొద్దని స్నేహితుడికి చెప్పాం. అంకెల ప్రకారం నేనే గెలవాలి: 4కే డిస్కు సెకనుకి వంద మెగాబిట్లకి పైగానే పంపగలదు. అదే 4కే ఇంటర్నెట్‌లో అయితే మీ కనెక్షన్ 15 మెగాబిట్లుంటే చాలని నెట్‌ఫ్లిక్సే చెబుతుంది.

పగటి సీన్లలో ఓడిపోయాను. పట్నం వీధి, మొహాలు, ఎండ, ఏది డిస్కో చెప్పలేకపోయాను. రెండుసార్లు తప్పు చెప్పాను కూడా. వాడి నవ్వు చూడాలి. ఆ తర్వాత గుహలో దివిటీ సీను వచ్చింది. వెలుగు చీకట్లోకి మెల్లగా కరిగిపోవాలి. ఒకదాంట్లో కరిగిపోయింది, రెండోదాంట్లో చీకటి మెట్లు మెట్లుగా, బావి గట్టులా వలయాలుగా కనిపించింది. వాడే చూపించాడు, “అది ఓటీటీ,” అని. శబ్దం దగ్గర నాకు కళ్లు మూసుకున్నా తేడా తెలిసింది. డిస్కులో శబ్దాన్ని ఏదీ పారేయకుండా పెడతారు, ఓటీటీకి వచ్చేసరికి కుదించి పంపుతారు. ఇంటికొస్తూ వాడన్నాడు: “మామయ్యా, తేడా ఉంది. కానీ మా 43 అంగుళాల టీవీలో, అమ్మ పక్కన మిక్సీ వేస్తుంటే, ఈ తేడా నాకెందుకు?”

దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. నాణ్యత కోసమే డిస్కు అంటే, నూటికి తొంభై మందికి ఆ వాదన చెల్లదు. చెల్లనిదాన్ని పట్టుకుని వేలాడ్డం కన్నా ఒప్పేసుకోవడం మంచిది.

నా అసలు పేచీ ఇంకోచోట ఉంది. ఓటీటీలో ఉన్న సినిమా ఇవాళ్టి సినిమా. రేపు అదే ఉంటుందని, అలాగే ఉంటుందని హామీ లేదు. 2024 జనవరిలో అన్నపూరణి అనే తమిళ సినిమా మతపరమైన ఫిర్యాదులు వచ్చాయని నెట్‌ఫ్లిక్స్‌లోంచి తీసేశారు. సినిమా మంచిదా చెడ్డదా అన్నది నాకు అనవసరం, అప్పట్లో అక్కడ చూసి తిట్టుకునే వీలు కూడా పోయింది. 2023 డిసెంబరులో సోనీ వాళ్ల గేమింగ్ విభాగం ప్లేస్టేషన్ ఇంకో అడుగు ముందుకేసి, డబ్బు పెట్టి ‘కొన్న’ డిస్కవరీ కార్యక్రమాలే జనం లైబ్రరీల్లోంచి పోతాయని చెప్పింది. గొడవయ్యాక వెనక్కి తగ్గింది. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి చట్టమే వచ్చింది: ‘కొనండి’ అని బటన్ పెట్టేవాళ్లు, నిజానికి మీకిస్తున్నది లైసెన్సు మాత్రమే అని స్పష్టంగా చెప్పాలట. కొనడమనే మాటకి అర్థం చెప్పడానికి ఒక చట్టం కావాల్సొచ్చింది!

చిన్న మార్పులైతే ఎవరికీ తెలియను కూడా తెలియవు. నేను బాగా ఎరిగిన ఒక తెలుగు సినిమాలో హోటల్ సీనులో వెనక రేడియోలో పాత పాట మోగేది. ఒక యాప్‌లో చూస్తే ఆ పాట స్థానంలో ఏదో కీబోర్డు సంగీతం ఉంది. హక్కుల గొడవ అయ్యుంటుంది. నా నాసిరకం డీవీడీలో, గళ్ల మధ్యలో, వేగంగా తిరుగుతూ, ఆ పాత పాట ఇప్పటికీ ఉంది. ఆ డిస్కుని మాత్రం బావకి ఇవ్వను.

అయితే డిస్కు మాత్రం శాశ్వతమా?

ఇక్కడికి అక్క పెళ్లి మళ్లీ వస్తుంది.

ఆ డిస్కు పెట్టి చూద్దామంటే ఇంట్లో ప్లేయర్ లేదు, ముగ్గురి ల్యాప్‌టాప్‌ల్లోనూ డ్రైవ్ లేదు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారు సీటీసీకి వెళ్లి బయట తగిలించే డీవీడీ డ్రైవ్ కొన్నాను. కొట్టు కుర్రాడు దుమ్ము తుడిచి ఇస్తూ, “జాతకాలు చెప్పేవాళ్ల సాఫ్ట్‌వేర్ ఏమైనా ఉందా అంకుల్? వాళ్లే కొంటున్నారు ఇవి,” అన్నాడు.

డిస్కు ఆడింది. గంపలో పెళ్లికూతురు వచ్చింది, మేనమామలు మోసుకొస్తున్నారు. నాన్న బావ కాళ్లు కడిగాడు. కన్యాదానం అయింది. తెర పట్టుకున్నారు. పంతులుగారు ‘గట్టిమేళం’ అన్నారు. అక్క చెయ్యి జీలకర్ర బెల్లంతో బావ తల మీదకి లేచింది. అంతే. చెయ్యి అక్కడే ఆగిపోయింది, సన్నాయి ఒకే స్వరం మీద గరగరమంది, బొమ్మ ఆకుపచ్చ గళ్లయింది.

ఎందుకు అక్కడ? డిస్కుని లేజర్ లోపలి నుంచి బయటికి చదువుతుంది, గ్రామఫోన్ రికార్డుకి తిరగేసి. అంటే ఈ డిస్కులో మధ్య రంధ్రం దగ్గర గంప, కాస్త ఇవతల కాళ్లు కడగడం, అంచు వైపు మంగళసూత్రం, ఆ చివర తలంబ్రాలు. పాడవడం మొదలయ్యేది సాధారణంగా అంచు నుంచే. వేళ్లు తగిలేది, గాలీ తేమా దూరేది అక్కడే. దానికి తోడు ఇది అచ్చేసిన డిస్కు కాదు. ఫ్యాక్టరీలో సినిమా డిస్కుని ప్లాస్టిక్‌లో గుంటలుగా పోతపోస్తారు, పైన అల్యూమినియం పూత. పెళ్లి డిస్కులో గుంటలుండవు, ఒక రంగు పొర ఉంటుంది. లేజర్ ఆ రంగుని కాల్చి మచ్చలు పెడుతుంది. రంగు కాబట్టి చీరకి వెలిసినట్టే దానికీ వెలుస్తుంది. పైన స్టిక్కరు బంక ఒకటి, దాని వల్ల డిస్కు వంకరపోతుంది. ఇరవయ్యేళ్ల వేసవులు. చివరగా బావ వేసిన ఎండ శిక్ష.

పోతపోసిన డిస్కులు కూడా చిరంజీవులేం కావు. 2006 నుంచి 2008 మధ్య తయారైన వార్నర్ డీవీడీలు కొన్ని బీరువాలో కదలకుండా ఉండి కూడా ఆడటం మానేశాయని సేకరించేవాళ్లు ఏళ్లుగా మొత్తుకున్నారు, 2025లో ఆ సంస్థే ఒప్పుకుని బదులు డిస్కులిస్తామంది. డీవీడీ అంటే రెండు పలచని బిళ్లలు బంకతో అతికించి ఉంటుంది, సమాచారం ఆ మధ్యలో. అతుకు పాడైతే లోపలి పూత పోతుంది, బయట గీత కూడా కనిపించదు. ప్లేయర్ల సంగతి ఇంకా అన్యాయం: బ్లూరే ప్లేయర్ల తయారీ నుంచి ఒప్పో 2018లో, శాంసంగ్ 2019లో, ఎల్జీ 2024లో తప్పుకున్నాయి. డిస్కు బతికినా ఆడించేది ఉండాలి కదా. ఇదంతా నా వాదనకి అడ్డమే అని నాకు తెలుసు.

అయినా తేడా చూడండి. అచ్చేసిన డిస్కుకి వేల కవలలుంటాయి. నాది పాడైతే డాలస్‌లో ఒకడి దగ్గర ఉంటుంది, జుమ్మేరాత్ బజార్‌లో దుప్పటి మీద ఇంకొకటి దొరుకుతుంది. అక్క పెళ్లి డిస్కు 2 ప్రపంచంలో ఒక్కటే ఉంది. అందుకే ఖాళీ డిస్కులు ఆపేశారంటే నాకు బాధ లేదన్నాను. సొంత వీడియోలకి అది ముందు నుంచీ తప్పు సంచి. వాటికి కావలసింది మూడు నాలుగు చోట్ల కాపీలు, ఏడాదికోసారి చూసుకునే మనిషి. సినిమాకి కావలసింది ఎవరూ మార్చలేని, చాలామంది చేతుల్లో ఉన్న ఒకేరకం కాపీ. ఆ పని ఇవాళ్టికీ అచ్చేసిన డిస్కు చేసినంత సులువుగా ఇంకేదీ చేయట్లేదు. తాళం లేని, ఎవరైనా కాపీ చేసి దాచుకోగలిగే ఫైలు అమ్మితే అదీ చేస్తుంది. పాటలకి ఆ పద్ధతి ఉంది, సినిమాలకి ఎందుకోగాని పెద్ద సంస్థలేవీ ధైర్యం చేయవు. చేస్తే రేపే నా డిస్కు పాట ఆపేస్తాను.

ఫొటోగ్రాఫర్‌కి ఫోన్ చేశాను. అదృష్టం, అదే నంబరు. ఇప్పుడు డ్రోన్లతో తీస్తున్నారట. అసలు టేపులుంటాయేమోనని అడిగాను. అప్పట్లో మినీ డీవీ టేపులు, వాటిలో బొమ్మ సెకనుకి 25 మెగాబిట్లు. డీవీడీకి రెండు గంటలు ఎక్కించేసరికి అది ఐదుకి పడిపోతుంది. టేపు దొరికితే అక్క పెళ్లి అక్క కూడా చూడనంత బాగా కనిపించేది.

“టేపులా?” ఆయన నవ్వాడు. “అవి ఖరీదండీ అప్పట్లో. డిస్కు ఇచ్చేశాక వాటి మీదే ఇంకో పెళ్లి తీసేవాళ్లం. మీ అక్కగారి దాని మీద తర్వాత ఓ నాలుగు పెళ్లిళ్లైనా అయ్యుంటాయి.”

ఎవరు కొంటారు

భవిష్యత్తు సంగతి అడిగితే, వెలుగుతో రాసే విద్య చచ్చిపోయే సూచనలేం లేవు. 2024లో షాంఘై పరిశోధకులు డీవీడీ అంత బిళ్లలో వంద పొరలుగా 1.6 పెటాబిట్లు, అంటే సుమారు 200 టెరాబైట్లు పట్టే పద్ధతిని నేచర్ పత్రికలో ప్రకటించారు. మైక్రోసాఫ్ట్ వాళ్లు 2019లోనే అరచేతిలో పట్టే గాజు పలక మీద ఒక పూర్తి సినిమాని లేజర్‌తో రాసి చూపించారు. కానీ ఇవేవీ కిరాణా కొట్లో బిస్కెట్ల పక్కన వేలాడేవి కావు. డేటా సెంటర్ల గోడౌన్లకి ఉద్దేశించినవి. మన ఇంటి దాకా వచ్చే డిస్కులకి 4కే బ్లూరేయే ఆఖరి తరం అని నేను అనుకుంటున్నాను. అది 2016లో వచ్చింది, దాని తర్వాతది తెస్తామని ఎవరూ అనట్లేదు.

ఆఖరి తరమైతే మాత్రం ఏం? గ్రామఫోన్ ప్లేటు కూడా పోయిందనుకున్నాక మళ్లీ వచ్చి కూర్చుంది. బయటి దేశాల్లో చిన్న చిన్న సంస్థలు వెయ్యో రెండువేలో కాపీలు వేసి, మంచి పుస్తకం అచ్చేసినట్టు అచ్చేసి, ముందుగానే డబ్బు కట్టించుకుని అమ్ముతున్నాయి. తెలుగులో అలా ఎందుకు కుదరదు? ఒక పాత సినిమా రీ-రిలీజ్ అంటే హాళ్లలో కాగితాలు చించి ఎగరేస్తున్నాం. ఆ రీ-రిలీజ్ కోసం ఎలాగూ 4కే చేస్తున్నారు. ఆ ఫైలు నుంచే వెయ్యి డిస్కులు, సరైన వేగంతో, సరైన శ్రుతిలో, లోగో లేకుండా.

ఈ మాట పుస్తకాలు ప్రచురించే ఓ స్నేహితుడితో అంటే ఒకటే అడిగాడు: “రెండువేలు పెట్టి నువ్వు కొంటావ్. రెండోవాడి పేరు చెప్పు.” పెదనాన్న ఉంటే ఆయన పేరు చెప్పేవాణ్ని. మేనల్లుడు కొనడు. నేను మాత్రం, ఉద్యోగం లేని రోజుల్లో, 34 రూపాయలకి అసలు దొరుకుతుంటే 20కి కాపీ కొన్నవాణ్ని. ముప్ఫై మందిమి అలాంటివాళ్లం కలిసి ఇప్పుడు పాతబాకీ కింద రెండేసి వేలు కడతామన్నా, వెయ్యి కాపీలకి ఇంకా 970 మంది కావాలి. అమెరికా తెలుగువాళ్లని కలుపుకుంటే వస్తారేమో. సందేహమే.

అక్క డిస్కు విషయానికొస్తే, డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ పెట్టి రెండు రాత్రులు నడిపాను. ఒక్కో చిన్న ముక్కనీ చదవడానికి ప్రయత్నిస్తుంది, రాకపోతే వదిలేసి ముందుకెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి అడుగుతుంది, అప్పుల వాడిలాగా. డ్రైవ్ రాత్రంతా కీచు కీచుమంటుంటే బావ రెండుసార్లు లేచి వచ్చాడు. ఒక డ్రైవ్‌కి చదవరానిది ఇంకోదానికి వస్తుందని విని, ఆఫీసులో పాత కంప్యూటర్ది కూడా తెచ్చి తగిలించాను. మంగళసూత్రం వచ్చింది, మూడు ముళ్లలో రెండు. తలంబ్రాలు అక్కడో గుప్పెడు ఇక్కడో గుప్పెడు. ఆ తర్వాత ఏం లేదు.

అక్క అంతా చూసి, “డిస్క్ 3లో అప్పగింతలు కదా, అది పోయినా ఫర్వాలేదు, ముక్కు ఎర్రగా ఉంటుంది,” అంది. బావకి అప్పుడు గుర్తొచ్చింది, డిస్క్ 3 తెనాలిలో పిన్ని చూస్తానని పట్టుకెళ్లిందని. పిన్నికి ఫోన్ చేస్తే వెతుకుతానంది. పెరట్లో జామచెట్టుకి చిలకలు రాకుండా బాబాయి ఏవో డిస్కులు కట్టాడట, అందులో ఊదారంగుది ఉందో లేదో పొద్దున్న వెలుగొచ్చాక చూసి చెబుతుందట.